పల్లె కబుర్లు – 37 : చప్టా దాకా మోశారు



పోయిన మంగళవారం జిల్లా ఎడిషన్ ఏడో పేజీలో, కింద మూలన, విత్తనాల కంపెనీ ప్రకటనకి కాస్త పైన ఒక చిన్న వార్త పడింది. ‘మాజీ సర్పంచ్ మృతి’. నాలుగే లైన్లు. వయసు 69, కొంతకాలంగా అనారోగ్యం, పలువురు నాయకుల సంతాపం. అంతే.

ఆయన మా పెదనాన్న. మా నాన్నకి పెదనాన్న కొడుకు. పేరు ఇక్కడ రాయను. ఆయన పిల్లలు ఇంకా దుఃఖంలో ఉన్నారు. నేను రాయబోయే సంగతుల్లో కొన్ని వాళ్లకి నచ్చవు.

ఆ నాలుగు లైన్లలో ‘కబడ్డీ’ అన్న మాట లేదు. మా మండలంలో నలభై ఐదు దాటిన ఏ మగాణ్ణైనా ఆపి అడగండి, ఆయన ఫలానా కాలంలో సర్పంచ్ అని ఎవడికీ గుర్తుండదు. కూతకెళ్తే ఎలా ఉండేదో మాత్రం చేతులు ఊపుతూ చెప్తాడు. విలేకరి కుర్రాడు పాతికేళ్లవాడు. పంచాయతీ బోర్డు మీద పేరు చూసి రాసుంటాడు. వాణ్ణి అనేదేం లేదు.

బుధవారం పొద్దున్నే మా పల్లె కుర్రాళ్ల నుంచి ఫోన్. “బాబాయ్, సంక్రాంతికి పెట్టే కబడ్డీకి ఈసారి పెద్దాయన పేరు పెడదామనుకుంటున్నాం. మెమోరియల్ కప్పు. ఫ్లెక్సీ మీద అంబేడ్కర్ బొమ్మ ఒక పక్క, ఆయన బొమ్మ ఒక పక్క. నువ్వేమంటావ్?”

నేను వెంటనే ఏమీ అనలేదు. చూద్దాంరా అని పెట్టేశాను. ఆ ‘చూద్దాం’ వెనక ముప్పై ఏళ్ల గొడవ ఉంది. ఈ వారం అదే రాస్తున్నా. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

* * *

నేను పేపరు వెనక పేజీ నుంచి చదివే రకం. చిన్నప్పుడు సెంటర్లో టీకొట్టు పేపరు మా దాకా వచ్చేసరికి మధ్యాహ్నం అయ్యేది. ముందు పేజీలు అప్పటికే చిరిగి, టీ మరకలు పడి ఉండేవి. ఆటల పేజీ ఒక్కటే కాస్త శుభ్రంగా దొరికేది. ఉద్యమంలోకి వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. సభకెళ్లి రిజర్వేషన్ల మీద గంట మాట్లాడి, బస్సెక్కగానే ఫోన్లో స్కోరు చూసుకునేవాణ్ణి. మావాళ్లు కొందరు దీన్ని తప్పుపడతారు. క్రికెట్ బ్రాహ్మణుల ఆట అంటారు. నిజమే కావచ్చు. కానీ అజహరుద్దీన్ మణికట్టు తిప్పి బంతిని మిడ్‌వికెట్ వైపు పంపుతుంటే చూసినవాడికి ఈ సిద్ధాంతం చెప్పి ఒప్పించడం కష్టం.

అజహర్ మా ఇంటి దేవుడు. 1984 చివర్న కలకత్తాలో మొదలుపెట్టి మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు. అప్పటికి నేను పసివాణ్ణి. నాన్న వందసార్లు చెప్తే నేనే చూసినట్టు గుర్తుండిపోయింది. హైదరాబాద్ సందుల్లోంచి వచ్చినవాడు, ఎక్కువ మాట్లాడడు, కాలర్ పైకెత్తుకుని నిలబడతాడు. మన తెలుగు నేలవాడు, పైగా పెద్దింటోడు కాదు. మాకింకేం కావాలి?

2000లో ఆ దేవుడు కూలిపోయాడు. మార్చిలో బెంగుళూరులో దక్షిణాఫ్రికా మీద 102 కొట్టాడు. అది ఆయన 99వ టెస్టు, అదే ఆఖరిది కూడా. డిసెంబర్‌లో ఫిక్సింగ్ కేసులో బోర్డు జీవితకాల నిషేధం వేసింది. అప్పుడు నేను గుంటూరులో హాస్టల్లో ఉన్నా. శిక్షపడ్డవాళ్లలో అజయ్ శర్మ ఉన్నాడు, ప్రభాకర్ ఉన్నాడు, జడేజా ఉన్నాడు. మా హాస్టల్లో తిట్లు మాత్రం ఒక్కడికే. ఆ తిట్లలో డబ్బు గురించి తక్కువ, మతం గురించి ఎక్కువ. అందుకని నేను ఆయన వైపు నిలబడ్డాను. డబ్బు సంగతి అడిగితే మాట మార్చేసేవాణ్ణి. 2012లో మన హైకోర్టు ఆ నిషేధం చెల్లదని తీర్పు ఇచ్చిన రోజు స్వీట్లు పంచాను. తీర్పు పూర్తిగా చదివానా అంటే లేదు. అభిమాని తీర్పులు చదవడు.

మొన్న 2025 ఏప్రిల్‌లో ఉప్పల్ స్టేడియం ఉత్తరం స్టాండుకి ఉన్న ఆయన పేరు తీసెయ్యమని హైదరాబాద్ క్రికెట్ సంఘం అంబుడ్స్‌మన్ ఆదేశించడం, హైకోర్టు దాన్ని ఆపడం మీరూ చదివే ఉంటారు. ఈసారి గొడవ ఫిక్సింగ్ గురించి కాదు. సంఘానికి తాను అధ్యక్షుడిగా ఉన్నప్పుడే తన పేరు పెట్టించుకున్నాడని. నాకు నవ్వొచ్చింది, బాధా వేసింది. 99 టెస్టులాడినవాడి పేరు ఎవరో ఒకరు పెట్టాల్సిందే కదా, నువ్వే ఎందుకు పెట్టుకున్నావయ్యా అనిపించింది. మనవాడి తప్పుని మనం ఇలాగే విసుక్కుంటాం, పరాయివాడి తప్పులాగా కాదు.

* * *

మనవాడు అన్నాను కదా, ఆ మాట దగ్గర కాస్త ఆగాలి.

2016 ఆగస్టులో రియోలో సింధు ఫైనల్ ఆడుతున్న రోజుల్లో మన రెండు రాష్ట్రాల జనం గూగుల్‌లో వెతికింది ఆమె స్మాష్ గురించి కాదు, ఆమె కులం గురించి. దేశమంతా మన మీద నవ్వింది. నేనూ అప్పట్లో ఒక పెద్ద పోస్టు రాశాను, కులపిచ్చి అని తిట్టాను. అందరూ లైకులు కొట్టారు. ఇప్పుడు ఒప్పుకుంటున్నా, నేనూ వెతుకుతాను. పేపర్లో ఎవరైనా పేదింటి పిల్ల పరుగు పందెంలో గెలిచిందని వస్తే మొదట ఇంటిపేరు చూస్తాను. ఊరు చూస్తాను. ఫోటోలో వెనక సిలువ ఉందా, అంబేడ్కర్ క్యాలెండర్ ఉందా చూస్తాను. మనోళ్లేనేమో అని. వాళ్లు వెతికేది ఆస్తి లెక్క చూసుకోడానికి, మనం వెతికేది ఆకలికొద్దీ అని నాకు నేను సర్దిచెప్పుకుంటాను. ఆ సర్దిచెప్పుకోవడం ఎంతవరకు సబబో మీరే చెప్పండి.

సిడ్నీలో మల్లీశ్వరి బరువులెత్తిన రోజు మాత్రం ఎవరం ఏమీ వెతకలేదు. సెప్టెంబర్ 2000. హాస్టల్ టీవీ గదిలో అరవై మందిమి. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట పిల్ల, 110, 130, మొత్తం 240 కిలోలు. కంచు. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. చివరి ప్రయత్నంలో 137.5కి వెళ్లి ఎత్తలేకపోయింది. బంగారానికి తేడా రెండున్నర కిలోలే. అంత బరువు ఎందుకు వేయించారని నేను ఇప్పటికీ ఎవరితోనైనా వాదిస్తాను. అదొక జబ్బు.

గెలిస్తే దేశం బిడ్డ. ఓడితే ఏమవుతుందో వందనా కటారియాని అడగాలి. టోక్యోలో దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి భారత మహిళ. ఐదు రోజులు కూడా తిరక్కముందే అర్జెంటీనా మీద సెమీస్ ఓడిపోతే హరిద్వార్ దగ్గర రోష్నాబాద్‌లో ఆమె ఇంటి ముందు కొందరు టపాసులు కాల్చారు. జట్టులో దళితులు ఎక్కువైపోయారు కాబట్టే ఓడిందని కులం పేరెత్తి తిట్టారు. మన వరంగల్ జిల్లా కల్లెడ పిల్ల జీవాంజి దీప్తి సంగతీ చూడండి. కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, 2024లో కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు పెట్టింది, పారిస్ పారాలింపిక్స్‌లో కంచు తెచ్చింది. చిన్నప్పుడు ఊళ్లో ఆ పిల్లని ఏమేం అన్నారో ఆ తల్లిదండ్రులే పేపర్లకి చెప్పుకున్నారు. అన్నవాళ్లలో ఎంతమంది తర్వాత ఊరేగింపులో దండలు వేశారో లెక్క తేలదు.

సరే. ఇవన్నీ తేలిగ్గా రాసేయొచ్చు. వీళ్లందరూ మనవైపు ఉన్నవాళ్లు, లేదా మనం వాళ్లవైపు ఉన్నాం. చిక్కు ఎక్కడొస్తుందంటే, మనవాడే మనకి ఎదురు నిలబడ్డప్పుడు.

* * *

పల్వాంకర్ బాలూ పేరు మీలో కొందరికి తెలుసు. రామచంద్ర గుహ 2002లో క్రికెట్ చరిత్ర మీద తెచ్చిన పుస్తకం పుణ్యమా అని ఈ తరానికి ఆ పేరు చేరింది. చర్మకార కులం. తండ్రి సైన్యంలో చిన్న పని. బాలూ పూనాలో పార్సీల క్లబ్బులో పిచ్ ఊడ్చి, రోలర్ లాగే పనికి చేరాడు, నెలకి మూడు రూపాయలు. తర్వాత దొరల క్లబ్బులో నాలుగు రూపాయలు. అక్కడ తెల్లవాళ్లకి నెట్స్‌లో బంతులు వేసి వేసి ఎడంచేతి స్పిన్నర్ అయ్యాడు. వందల గంటలు బంతి ఇచ్చారు గానీ బ్యాటు ఇచ్చినవాడు లేడు. బ్యాటింగ్ దొరల పని.

హిందువుల జట్టుకి గెలుపు కావాల్సొచ్చి ఇతన్ని తీసుకున్నారు. మైదానంలో ఇతను విసిరిన బంతినే అందరూ ముట్టుకున్నారు. టీ విరామంలో మాత్రం ఇతనికి పెవిలియన్ బయట మట్టి ముంతలో టీ. భోజనానికి వేరే చోటు. 1911లో పటియాలా మహారాజు కెప్టెన్‌గా భారత జట్టు ఇంగ్లండ్ వెళ్లింది. జట్టు చాలా మ్యాచ్‌లు ఓడింది, బాలూ ఒక్కడే 114 వికెట్లు తీశాడు. తిరిగొచ్చాక బొంబాయిలో అణగారిన కులాలవాళ్లు సన్మానం చేస్తే, ఆ సన్మానపత్రం రాసింది యువకుడైన అంబేడ్కర్ అని గుహ రాశాడు. ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. బాబాసాహెబ్ కూడా ఒకప్పుడు అభిమానే! మనలాగే!

అంత ఆడినా బాలూని కెప్టెన్ చెయ్యలేదు. 1920లో జట్టులోంచే తీసేస్తే తమ్ముళ్లు విఠల్, శివరామ్ మేమూ ఆడమని బయటికొచ్చేశారు. అప్పుడు దిగొచ్చి వైస్ కెప్టెన్ ఇచ్చారు. 1923లో తమ్ముడు విఠల్ కెప్టెన్ అయ్యాడు. ఇక్కడితో ఆపితే బ్రహ్మాండమైన కథ. మన సభల్లో చాలామంది ఇక్కడితోనే ఆపుతారు.

తర్వాత సంగతి ఇది. ప్రత్యేక నియోజకవర్గాల గొడవలో బాలూ అంబేడ్కర్‌తో లేడు. ఎం.సి. రాజాతో కలిసి అవతలి పక్కన ఉన్నాడు. 1932 సెప్టెంబర్ 24 నాటి పూనా ఒప్పందం మీద సంతకాల్లో ఇతని పేరూ ఉంది. 1937 ఎన్నికల్లో బొంబాయిలో అంబేడ్కర్‌ని ఓడించడానికి కాంగ్రెస్ వెతికి వెతికి తెచ్చిన అభ్యర్థి ఎవరు? బాలూ. తన సన్మానపత్రం రాసిన మనిషి మీదే నిలబడ్డాడు. అంబేడ్కర్ రెండు వేల చిల్లర ఓట్లతో గెలిచాడు. అంటే బాలూకీ తక్కువ ఓట్లు పడలేదు. ఆ వేసినవాళ్లలో అతని స్పిన్ చూసి చప్పట్లు కొట్టిన మన జనం ఎంతమంది ఉన్నారో.

బాలూ ఎందుకలా చేశాడు? నేను చాలాసార్లు ఆలోచించాను. బయట ముంతలో టీ తాగినవాడు, ఇరవై ఏళ్ల తర్వాత లోపలికి పిలిచి కుర్చీ వేస్తే, ఇక వీళ్లు మారతారులే అనుకుని ఉంటాడా? లేక నన్ను నిలబెట్టింది ఈ జట్టే కదా అన్న విశ్వాసమా? నాకు తెలిసిందల్లా ఒక్కటే. ఈ కథ నాకు పుస్తకంలో చదవకముందే తెలుసు. మా ఇంట్లో జరిగింది.

* * *

మా ఊరు చుండూరుకి ఆమడ దూరం కూడా లేదు. ఊరూ, మా పల్లె మధ్య ఒక మురుగుకాలవ, దాని మీద చప్టా.

పెదనాన్న కూత చూడాలంటే సంక్రాంతికి హైస్కూలు వెనక బరి దగ్గర చూడాలి. నీళ్లు చల్లి తొక్కిన మట్టి, సున్నం గీతలు. ఆయన పొట్టి మనిషి. నడుం వంచి, కుడిచెయ్యి నేలకి రాస్తున్నట్టు పెట్టి, గొంతులోంచి ఒకటే కూత, ఎక్కడా తెగకుండా. అవతల ఏడుగురు చేతులు చేతులు పట్టుకుని గొలుసు కట్టి వెనక్కి వెనక్కి వెళ్లేవాళ్లు. ఆయన తొందరపడడు. మూలనున్నవాడు ఒక్క అరక్షణం కాలు ముందుకు పెట్టాడా, అంతే, వెనక్కి తిరిగి చూసేసరికి ఈయన గీత దాటి తొడ కొడుతుండేవాడు. మీద నలుగురు పడ్డా వాళ్లని లాక్కుంటూ వచ్చి వేలి కొనతో గీత అందుకునేవాడు. కబడ్డీ ముట్టుకునే ఆట కదండీ. ముట్టుకుంటే అవుటయ్యే ఆట. మిగతా ఏడాదంతా ఆయన ముట్టుకుంటే మైలపడేవాళ్లు ఆ మూడు రోజులూ ఆయన మీద పడి దొర్లేవాళ్లు.

ఊరి జట్టులో మావాడు ఆయనొక్కడే. ఆట అయ్యాక జట్టుకి ఒక పెద్దాయన ఇంట్లో భోజనాలు. పెదనాన్నకి గొడ్ల చావిడి పక్కన విస్తరి వేసేవాళ్లు. ఇది నాకు ఆయనే చెప్పాడు, మామూలుగా, ఆ రోజు కూరేంటో చెప్పినట్టు చెప్పాడు. టీకొట్టులో ఆయన గ్లాసు కూడా మా అందరి గ్లాసుల్లాగే చూరుకి తగిలించి ఉండేది.

1991 ఆగస్టు 6. చుండూరులో మనవాళ్లని ఎనిమిది మందిని చంపారు. గోతాల్లో కట్టి కాలవల్లో పడేశారు. ఆ వారం మా పల్లెలో ఎవరూ నిద్రపోలేదు. మగాళ్లు కాపలా ఉండేవాళ్లు. మా నాన్న తెనాలి వెళ్లి ధర్నాల్లో కూర్చునేవాడు. అప్పటిదాకా పొలం పని, చర్చి తప్ప తెలియని మనిషి ఆ ఏడాది వేరే మనిషయ్యాడు. ఆ డిసెంబర్లో చర్చి ముందు కూర్చుని పల్లె అంతా ఒక మాట అనుకున్నారు, ఈ సంక్రాంతికి ఎవరూ ఊళ్లోకి వెళ్లకూడదు. డప్పు కొట్టకూడదు, ఆటకి పోకూడదు. పెదనాన్న కూడా ఆ కూర్చున్నవాళ్లలో ఉన్నాడు. తల ఊపాడు.

సంక్రాంతి నాడు మధ్యాహ్నం ఆయన కనపడలేదు.

నాకు పన్నెండేళ్లు. చెరువుకట్ట మీదికి వెళ్లి చూశాను. ఆడుతున్నాడు. ముప్పై ఆరేళ్ల వయసులో, ఆ వయసుకి ఎవరూ కూతకెళ్లరు, తన బతుకులోకెల్లా గొప్ప ఆట ఆడాడు. ఊరు గెలిచింది. కుర్రాళ్లు ఆయన్ని భుజాల మీద ఎత్తుకున్నారు. ఈలలు, రంగునీళ్లు. బజారంతా తిప్పి, మా పల్లె వైపు తీసుకొచ్చారు. చప్టా దాకా మోశారు. చప్టా దగ్గర దించేశారు. అవతలికి ఒక్క అడుగు వెయ్యలేదు ఎవరూ. ఆయన షీల్డు చంకలో పెట్టుకుని చప్టా దాటి ఒక్కడే నడిచి వచ్చాడు. పల్లెలో వాకిళ్లలో జనం నిలబడి ఉన్నారు. ఒక్కరూ పలకరించలేదు. మా నాన్న కాండ్రించి ఉమ్మి ఇంట్లోకి వెళ్లిపోయాడు.

1995లో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. మా ఊరు ఎస్సీ రిజర్వుడు. పల్లె అంతా మా నాన్నని నిలబెట్టింది. ఊళ్లో పెద్దలు నాలుగు రోజులు మంతనాలు చేసి పెదనాన్నని నిలబెట్టారు. గుర్తు ఏదైతేనేం, గోడల మీద కబడ్డీ ఆటగాడి బొమ్మ గీయించారు. 61 ఓట్ల తేడాతో నాన్న ఓడిపోయాడు. ఊరు మొత్తం పెదనాన్నకే వేసిందని అందరికీ తెలుసు. పల్లెలో కూడా కొన్ని పడ్డాయి. ఎవరివో ఎవరూ అడగలేదు. ఆటని ఇష్టపడ్డవాళ్లవే అయి ఉంటాయి.

బాలూ ఓడాడు, అంబేడ్కర్ గెలిచాడు. మా ఊళ్లో తిరగబడింది.

ఆయన సర్పంచ్‌గిరీ గురించి ఎక్కువ రాయడానికేం లేదు. చెక్కుబుక్కు ఊళ్లో ఒక పెద్దాయన బీరువాలో ఉండేది. కబురొస్తే వెళ్లి సంతకం పెట్టేవాడు. సమావేశాల్లో కుర్చీ ఉండేది, ఆయన అంచు మీద కూర్చునేవాడు. మా అమ్మ దాన్ని అభినయించి నవ్వించేది.

ఒక్క పని మాత్రం చేశాడు. 1998లో, కాలవ పక్కన అరవై సెంట్ల పోరంబోకు ఉండేది. దాన్ని ఊళ్లో ఒకరు వాముల దొడ్డి చేసుకుందామని ఎప్పటినుంచో చూస్తున్నారు. పెదనాన్న ఎవరికీ చెప్పకుండా దాన్ని మా పల్లె పిల్లలకి ఆటస్థలమని తీర్మానం రాయించి, మండలాఫీసుకి తనే సైకిల్ మీద తీసుకెళ్లి ఇచ్చాడు. ఆ రోజు ఏం ధైర్యం వచ్చిందో, ఎవరు చెప్పారో తెలీదు. పెద్దల ఇళ్లకి పిలుపులు ఆగిపోయాయి. 2001లో ఆయన్ని ఎవరూ నిలబెట్టలేదు. టీకొట్టు దగ్గర ఒకాయన, “వాడికి ఆటలో కూతే గానీ బయట కూత ఎక్కడిదిరా” అన్నాడు. నేను విన్నాను.

ఆ స్థలంలో పెదనాన్న పొద్దున్నే ఐదింటికి పిల్లల్ని పరుగెత్తించేవాడు. అప్పటికే మోకాలు అరిగిపోయింది. కర్ర పట్టుకుని గీత దగ్గర కూర్చుని తిట్టేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఇద్దరికి పోలీసుద్యోగాలు వచ్చాయి. ఒకడికి స్పోర్ట్స్ కోటాలో రైల్వేలో వచ్చింది.

ఆ రైల్వే వాడు మా తమ్ముడు.

నాన్నకి తెలియకుండా వెళ్లేవాడు. తెలిశాక నాన్న వాణ్ణి కొట్టలేదు, తిట్టలేదు, మూడు నెలలు మాట్లాడలేదు. 2003లో ఉద్యోగం వచ్చింది. ఆ జీతంతోనే మా ఇంటికి స్లాబు పడింది, నా పీజీ ఫీజు బాకీ తీరింది, నేను ఉద్యమం అంటూ తిరిగినన్నాళ్లూ ఇంట్లో పొయ్యి వెలిగింది. నాన్న ఆ అన్నమే తిన్నాడు. పెదనాన్నతో మాత్రం మాట్లాడలేదు. పదహారేళ్లు. రెండిళ్లకి మధ్య ఒక వేపచెట్టే అడ్డం.

2011లో నాన్న పోయాడు. పెదనాన్న వచ్చాడు. ఇంట్లోకి రాలేదు. వాకిట్లో, ఎండలో, కర్ర మీద ఆనుకుని, ప్రార్థన అయ్యేదాకా నిలబడ్డాడు. దాదాపు రెండు గంటలు. కుర్చీలు ఉన్నాయి, నా పక్కనే రెండు ఖాళీగా ఉన్నాయి. ఒకటి తీసి ఆయనకి వెయ్యడానికి నాకు పది అడుగులు. వెయ్యలేదు. ఊళ్లో చావిడి పక్కన విస్తరి వేసినవాళ్ల మీద ఎన్ని వ్యాసాలు రాశానో! మా వాకిట్లో ఆ ముసలాయన్ని బయట నిలబెట్టింది మాత్రం నేనే.

* * *

కుర్రాళ్ల ఫోన్ వచ్చిన రాత్రి అమ్మని అడిగాను. అమ్మకి ఇప్పుడు మోకాళ్ల నొప్పులు, చెవుడు. రెండుసార్లు గట్టిగా చెప్పాల్సి వచ్చింది. విని, చాలాసేపు ఏమీ అనలేదు.

“మీ నాన్న వెళ్లేవాడు తెలుసా,” అంది.

“ఎక్కడికి?”

“కాలవ పక్కన బరికి. చీకటితో లేచి గేదెకి గడ్డి కోసుకొస్తానని కొడవలి పట్టుకుని పోయేవాడు. తమ్ముడు ఆడుతుంటే అవతల గట్టు మీద తుమ్మచెట్టు చాటున నిలబడి చూసొచ్చేవాడు. ఒక్కోరోజు గడ్డి లేకుండా వచ్చేవాడు, మర్చిపోయి.”

“ఎప్పుడూ చెప్పలేదేంటి?”

“నువ్వు అడిగావా?”

తమ్ముడికి ఫోన్ చేసి చెప్తే వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, తనకి తెలుసన్నాడు. పెదనాన్న కూడా చూసేవాడట. చూసి, ఆ గట్టు వైపు మొహం వచ్చేట్టు వీణ్ణి కూతకి పంపేవాడట.

దీంతో అన్నీ తీరిపోయాయని అనను. 61 ఓట్లు 61 ఓట్లే. ఆ అయిదేళ్లలో ఊళ్లోకి పోయిన నిధుల్లో సగమైనా పల్లెకి వచ్చి ఉంటే మురుగుకాలవ అప్పుడే బాగయ్యేది. ఆ మురుగు వల్ల వచ్చిన జ్వరాల్లో పోయిన పసిపిల్లల తల్లులు ఇంకా మా పల్లెలోనే ఉన్నారు. వాళ్లకి కప్పు మీద ఈ పేరు ఎలా కనపడుతుందో కూడా చూడాలి. అందుకని కుర్రాళ్లకి చెప్పాను, ముందు ఆ ఇళ్లకి వెళ్లి అడిగి రండిరా అని. వెళ్లారు. ఇద్దరు పెట్టుకోమన్నారు. ఒకామె తలుపు వేసుకుంది. ఆమె మాట కూడా లెక్కలో ఉండాలని చెప్పాను. ఎలా ఉంచాలో నాకూ తెలీదు.

చివరికి ఇలా అనుకున్నాం. కప్పు ఆయన పేరు మీదే. ఆట కాలవ పక్కన స్థలంలోనే. ఫ్లెక్సీ మీద అంబేడ్కర్ బొమ్మ పైన, చుండూరు అమరుల పేర్లు దాని కింద, పెదనాన్న ఫోటో విడిగా మరో ఫ్లెక్సీ మీద, బరి దగ్గర. ఆ ఫోటో కోసం వెతికితే సర్పంచ్ కుర్చీ అంచున కూర్చున్నది ఒకటి, 1992 షీల్డు పట్టుకున్నది ఒకటి దొరికాయి. రెండో దాంట్లో ఎడం భుజం మీద ఎవరిదో చెయ్యి ఉంది. మనిషి లేడు. ఫోటో అంతవరకే కోసి ఉంది.

ఫ్లెక్సీ కొట్టేవాడికి పంపేముందు కుర్రాడు మళ్లీ ఫోన్ చేశాడు.

“బాబాయ్, పేరు కింద ఏం వెయ్యమంటావ్? కబడ్డీ క్రీడాకారుడు అని వేశాం. సర్పంచ్ అని కూడా వెయ్యాలా, వద్దా?”

“వెయ్యండి.”

“ఏ సంవత్సరమో కూడానా?”

“1995 అని వెయ్యండిరా. అరవై సెంట్ల తీర్మానం 1998, అదీ వెయ్యండి.”

సంక్రాంతి మూడు రోజులూ ఆటలున్నాయి. ప్రవేశ రుసుము లేదు. తెనాలి నుంచి వచ్చేవాళ్లు చప్టా దగ్గర బస్సు దిగి ఎడం చేతికి తిరిగితే స్థలం కనపడుతుంది. కుర్చీలు నేను తెప్పిస్తున్నాను.